కన్నుగారికి సెలవు

"ఆగు కసేరా, ఆగు! ముందు నన్ను కళ్ళు మూసుకోనీ. ఆఁ, ఇప్పుడు చెప్పు, ఏం కావాలన్నావ్?"

"ఎండుమిరపకాయలమ్మా. బాగా కారంగా ఉండేవి."

"ఎంత కారం? మొగుడి మీద కోపమా, అత్తగారి మీదా?"

"అత్తగారు భోజనానికొస్తున్నారు."

"అలా చెప్పు మరి!" అంది దోన్యా నికొలాసా. రెండు కళ్ళూ గట్టిగా మూసుకునే బుట్టలోంచి ఒక్కో కాయా తీసి, చెవి దగ్గర గలగలలాడించి, "నువ్వు కాదు, నువ్వు కాదు, నువ్వు రా," అంటూ ఏరడం మొదలుపెట్టింది. పునాతా ఊరి సంతలో కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ వాడుకగా ఒకరినొకరు కసేరా అనే పిలుచుకుంటారు, కానీ కొనడానికొచ్చిన ఈ పిల్ల అక్కడికి కొత్తలా ఉంది. బెదిరిపోయి పక్క కొట్లో రేడియోలు బాగుచేసుకుంటున్న రెమీహియో వైపు చూసింది. గుడ్డిది కాదు, పిచ్చిదీ కాదు, ఆవిడ అంతే అన్నట్టు రెమీహియో చెయ్యి ఊపాడు. ఇరవై ఏళ్ళుగా అతను ఆ చెయ్యి అలాగే ఊపుతున్నాడు.

ముఖ్యమైన పని ఏదైనా సరే, నికొలాసా కళ్ళు మూసుకునే చేస్తుంది. లోకంలో మిగతావాళ్ళు కళ్ళు పెద్దవి చేసుకుని చూసే చోటల్లా ఆవిడ రెప్పలు దించేస్తుంది. డెబ్బై రెండేళ్ళ మనిషి, రెండు నెరిసిన జడలు, తెల్ల టోపీ, నాలుగు కుచ్చుల పావడాలు ఒకదాని మీద ఒకటి. చూపు మాత్రం దివ్యంగా ఉంది. ఎదురు వరసలో ఉల్లిపాయల బెర్నా తక్కెడ కింద వేలు పెడితే ఇక్కణ్ణించే పట్టేస్తుంది. అయినా సరే, బేరం దగ్గరికొచ్చేసరికి రెప్పలు టపీమని పడిపోవాల్సిందే.

"ఎందుకమ్మా ఇలా?" అని రెమీహియో మొదటిసారి అడిగినప్పుడు ఆవిడ ఓపిగ్గా విప్పి చెప్పింది.

"తలలో ఒక కచేరీ ఉంటుంది నాయనా. అందులో ఐదుగురు గుమాస్తాలు. ముక్కు పాతకాపు, వాడికి తెలియని కబురు ఉండదు, కానీ వాణ్ణి ఎవరూ అడగరు. చెవి నెమ్మదస్తుడు. నాలుక తిండిపోతు, వాడి సాక్ష్యం ఒక్కటీ పనికిరాదు. చర్మం గుమ్మం దగ్గరే కూచుని, ఎవరొచ్చినా ముందు తానే పట్టుకుంటాడు. ఇక కన్నుగారున్నారే! దొరగారి బల్ల ముందు ఎప్పుడూ ఆయనే. మిగతా నలుగురూ నోరు తెరిచేలోపే 'నేను చూశానండీ, నేను చూశానండీ' అని ఒకటే అరుపు. దొరగారు పాపం ఆ అరుపు భరించలేక సంతకం పెట్టేస్తాడు. అందుకని పెద్ద పని పడ్డప్పుడల్లా నేను కన్నుగారికి సెలవిచ్చి పంపేస్తాను. అప్పుడు చూడు, కచేరీ ఎంత ప్రశాంతంగా ఉంటుందో!"

రెమీహియో బడికి నాలుగేళ్ళు వెళ్ళాడు. మిగతా చదువంతా పాత కాగితాల దుకాణంలో తూకానికి కొన్న పుస్తకాల్లోంచి పీల్చుకున్నదే. అందులో మెదడు మీద ఒక వైద్యపుస్తకం కూడా ఉంది. వారం రోజులు దానితో కుస్తీపట్టి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, మీరు చెప్పింది నిజమే! లోపలికొచ్చే కబుర్లన్నిటినీ మెదడే పేర్చుకుంటుందట. అందులో కంటికే పెద్ద గది ఇచ్చేస్తుందట!"

"ఆ రాసినాయన కళ్ళు మూసుకుని రాశాడా, తెరుచుకునా?"

"తెలీదమ్మా. పుస్తకానికి మొదటి నలభై పేజీలు లేవు."

"ఆ నలభైలోనే చెప్పుంటాడు," అంది ఆవిడ తేలిగ్గా.

ఈ అలవాటుతో ఊరు పడ్డ పాట్లు చాలానే ఉన్నాయి. ఆదివారం ప్రసంగం మొదలవగానే నికొలాసా మొదటి వరసలో కూచుని కళ్ళు మూసేసేది. నిద్రపోతోందని ఫాదరు ఒకసారి ప్రసంగం ఆపి మరీ మందలించారు. కళ్ళు తెరవకుండానే ఆవిడ ప్రసంగం మొత్తం ఒప్పజెప్పేసి, "మధ్యలో పదకొండుసార్లు గుటకలేశారు ఫాదర్. తొమ్మిదోసారి బాగా గట్టిగా. పొద్దున్న ఏం తిన్నారేంటి?" అంది. ఆ తర్వాత ఆయన ప్రసంగాలు సగానికి తగ్గాయి. ఊరంతా నికొలాసాకి రుణపడిపోయింది.

ఫొటోల సంగతి సరేసరి. ముప్పై ఏళ్ళలో పునాతాలో జరిగిన ఏ పెళ్ళి ఫొటో చూసినా, ఏ ఊరేగింపు ఫొటో చూసినా, ఒక మూల కళ్ళు మూసుకున్న తెల్ల టోపీ ఉంటుంది. "ఒకటి, రెండు, మూడు" అని ఫొటోగ్రాఫరు అరవగానే ఆవిడ "అయిపోయాక చెప్పు నాయనా" అనేది. రోడ్డు దాటడమైతే మరీ ఘోరం. బస్సుల రోడ్డు అంచున నిలబడి, కళ్ళు మూసుకుని, చేతిసంచీ గుండెకి హత్తుకుని అడుగు వేసేది. డ్రైవర్లు బ్రేకులు తొక్కి, ఆవిడ అమ్మనీ అమ్మమ్మనీ తల్చుకునేవారు. "వినపడుతోందిలే!" అని ఈవిడ కేకేసేది.

నవ్వుకున్నన్నాళ్ళు నవ్వుకున్నాడు గానీ, రెమీహియోకి ఒకరోజు మాత్రం నవ్వు రాలేదు. ఆవిడ రేడియో మూగబోయిందంటే బాగుచేద్దామని ఇంటికెళ్ళాడు. ఒక్కటే గది. ఒక మంచం, ఒక కుర్చీ, ఒక గిన్నె. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ఉన్న ఒక్క చెల్లెలూ ఎప్పుడో పోయింది. అతను రేడియో విప్పి, తుడిచి, అతికించి, మళ్ళీ బిగించేదాకా గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా నికొలాసా రెండు కళ్ళూ తెరుచుకుని ఎదురు గోడకేసి చూస్తూ కూచుంది.

"ఇక్కడ కన్నుగారికి సెలవు లేదేంటమ్మా?" అన్నాడు వేళాకోళంగా.

"ఇక్కడికెవరొస్తారని మూసుకోమంటావ్?" అంది ఆవిడ.

రెమీహియో పనిముట్లు సర్దుకుని వచ్చేశాడు. అతని సంగతి మాత్రం ఏమంత బాగుందని? ఇప్పుడు రేడియోలు బాగుచేయించుకునేవాళ్ళెవరు? సాయంత్రం కొట్టు కట్టేసేముందు రెండు రేడియోలు రెండు స్టేషన్లకి తిప్పి పక్కపక్కన పెట్టేవాడు. ఇద్దరు మనుషులు వాదులాడుకుంటున్నట్టు ఉండేది. ఎవరివైపు మాట్లాడాలో తేల్చుకుంటూ కాసేపు మధ్యలో కూచునేవాడు.

అలా ఉండగా ఉల్లిపాయల బెర్నా ఫిర్యాదు పెట్టింది.

ఫిర్యాదు వెళ్ళింది సంత పెద్ద దోన్యా అసుంతా దగ్గరికి. కొట్ల మధ్య తగాదాలన్నీ తేల్చేది ఆవిడే. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు వరసలో ఇద్దరే ఉన్నారు, ఆ ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి పొసగదు. "నికొలాసా కొట్లో సరుకు మాయమవుతోంది. గుప్పెడు చూన్యో దుంపలు, గుప్పెడు బఠానీ. ఈవిడ కళ్ళు మూసుకుని కూచుంటే దొంగలు ఈ వరసకి మరిగారు. రేపు నా ఉల్లిపాయల మీద పడతారు," అని బెర్నా గోల. సంతలో ఒక పాత నియమం ఉంది. కళ్ళు కనపడనివాళ్ళు కొట్టు వదిలేయాలి. ఆ చోటు కోసం ఎదురుచూసేవాళ్ళు పదహారుమంది ఉన్నారు.

కొట్టు పోతే నికొలాసాకి తిండి పోదు, చర్చివాళ్ళు పెడతారు. కానీ పలకరించే మనుషులు దూరమవుతారు. కుర్చీ, గోడ, ఆ తెరిచిన కళ్ళు. అది తల్చుకోగానే రెమీహియో నిర్ణయించేసుకున్నాడు. దొంగని తానే పట్టుకోవాలి.

ఆ తర్వాతి మంగళవారం, పెద్ద సంత రోజున, రేడియోల వెనక నక్కి కూచున్నాడు. పదకొండు గంటలకి ఒక ముసలాయన వచ్చి నికొలాసా కొట్టు ముందు ఆగాడు. ఒకప్పుడు ఊరి బ్యాండులో బాకా ఊదిన దోన్ కసియానో. ఆగగానే నికొలాసా రెప్పలు వాల్చి, సోంపు గింజలు వాసన చూడ్డంలో మునిగిపోయింది. ముసలాయన చెయ్యి చూన్యో బుట్టలోకి వెళ్ళింది. మంచులో గడ్డకట్టించి, ఎండకు ఆరబెట్టిన ఆ నల్లదుంపలు గులకరాళ్ళలా కదిలాయి. రెమీహియో ఒక్క దూకు దూకి ఆ మణికట్టు పట్టుకున్నాడు.

"దొంగ! దొంగ! దొరికాడు!"

సంతంతా తలలు తిప్పింది. కసియానో గుప్పిట విప్పాడు. నాలుగైదు చూన్యోలు తిరిగి బుట్టలో పడ్డాయి. టోపీ తీసి, "క్షమించమ్మా," అని, తల దించుకుని వెళ్ళిపోయాడు.

మెచ్చుకోలు కోసం రెమీహియో వెనక్కి తిరిగాడు. నికొలాసా కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఇరవై ఏళ్ళలో అంత విచ్చుకున్న కళ్ళు అతనెప్పుడూ చూడలేదు.

"ఎంత పని చేశావు నాయనా," అంది ఆవిడ. అంతే.

ఆ రోజు నుంచి ఆవిడ కళ్ళు మూసుకోవడం మానేసింది.

ఊరంతా సంబరపడింది. "చూశారా, కుదిరింది!" అన్నారు. ఫాదరు ప్రసంగం మళ్ళీ పొడిగించారు. కానీ సంతలో మాత్రం నికొలాసా చెయ్యి తడబడిపోయింది. సోంపు అడిగితే జీలకర్ర పొట్లం కట్టింది. కారం లేని మిరపకాయలు అడిగిన బాలింతకి మంటలు పుట్టించేవి ఇచ్చింది. వాళ్ళాయన బాలింతని ఇంట్లో వదిలేసి, ఏడుస్తూ తానే సంతకొచ్చాడు. కొసరు వెయ్యడం కూడా మర్చిపోయింది. పునాతాలో కొసరు మర్చిపోవడమంటే పలకరింపు మర్చిపోయినట్టే. కసేరా అని పిలిచిన నోటితోనే తిట్టుకుంటూ వెళ్ళారు జనం.

రెమీహియోకి అంతుపట్టలేదు. దొంగ పోయాడు, కళ్ళు తెరుచుకున్నాయి, మరి ఈ మనిషికేమైంది? వైద్యపుస్తకం తిరగేశాడు, దొరకలేదు. ఆ నలభై పేజీల్లోనే ఉండుంటుందనుకున్నాడు. చివరికి ఐదో మంగళవారం, ఏం తోచక, పదకొండు గంటలకి తన కొట్లో స్టూలు మీద కూచుని తానే కళ్ళు మూసుకున్నాడు.

మొదట ఏమీ లేదు, రొద. కాసేపటికి ఆ రొద విడివిడిగా ఊడిరావడం మొదలైంది. ఇది బెర్నా తక్కెడ. ఇది కోడిపెట్ట. ఇవి అడుగులు. వేగంగా వచ్చే అడుగులు కొనేవాళ్ళవి. కావాల్సింది తెలుసు, తిన్నగా వస్తారు, బేరమాడతారు. ఆ మధ్యలో ఇంకో రకం అడుగులు. నెమ్మదిగా వచ్చి నికొలాసా కొట్టు ముందు ఆగాయి. బేరం లేదు, మాట లేదు. ఎవరో ఊపిరి బిగబట్టారు. ఆ తర్వాత అడుగులు వచ్చినంత నెమ్మదిగా వెళ్ళిపోయాయి. కాసేపటికి ఇంకొకరివి. ఈసారి ఆడమనిషి, పావడా అంచు నేలకి రాసుకుంటోంది. ఆగింది. వెళ్ళిపోయింది. పన్నెండు కొట్టేలోపు అలా నలుగురు ఆగారు, నలుగురూ వెళ్ళిపోయారు.

నాలుగో వాళ్ళు వెళ్ళిపోతున్నప్పుడు నికొలాసా నిట్టూర్పు వినపడింది. రెమీహియో చటుక్కున తలెత్తి చూశాడు. ఆవిడ కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. అందుకే వాళ్ళు వెళ్ళిపోతున్నారు!

ఆ రోజు చూన్యో బుట్టలోకి వెళ్ళిన చెయ్యిని తన రెండు కళ్ళూ చక్కగా చూశాయి. చూసి, అరిచాయి. అతను సంతకం పెట్టేశాడు.

ఆ సాయంత్రమే పంచాయితీ. సరుకులు సర్దేశాక వరస వరసంతా బోర్లించిన బుట్టల మీద చేరింది. అసుంతా నడుం మీద చేతులు పెట్టుకుని మధ్యలో నిలబడింది.

"దోన్యా నికొలాసా, ఇదేంటో చెప్పు," అని ఒక వేరు పైకెత్తింది.

నికొలాసా కళ్ళు మూసుకోబోయింది.

"ఆఁ ఆఁ, తెరిచి!"

"తెరిస్తే నాకు తెలీదమ్మా."

"చూశారా!" అంది బెర్నా. "చెప్పానా?"

"ఉండవే, నీ ఉల్లిపాయలు ఎక్కడికీ పోవు," అంది అసుంతా. "దోన్యా నికొలాసా, సూటిగా అడుగుతున్నాను. నీ కొట్లో ఏళ్ళ తరబడి సరుకు పోతోంది. నీకు కనపడక పోతోందా, కనపడే పోతోందా? కనపడే పోతుంటే, ఎవరు తీస్తున్నారో పేర్లు చెప్పు. కనపడకపోతే కొట్టు వదిలెయ్యి."

నికొలాసా తన బుట్టల్ని చూసింది, ఒక్కొక్కదాన్నే. పేర్లు ఆవిడ నాలుక చివర ఉన్నాయని రెమీహియోకి తెలుసు.

"కనపడదమ్మా," అంది ఆవిడ. "బొత్తిగా కనపడదు."

"నేనే తీశాను!"

అందరూ తిరిగి చూశారు. ఆ అరుపు తనదేనని రెమీహియోకి కూడా కాస్త ఆలస్యంగా తెలిసింది.

"నువ్వేం తీశావయ్యా?" అంది అసుంతా.

"చూన్యో. బఠానీలు. జీలకర్ర. మొత్తం నేనే."

"నీ ఇంట్లో పొయ్యే లేదు. పూటపూటా సంతలో సూపు తాగుతావు. జీలకర్ర నీకెందుకు?"

"రేడియోల్లో పెడతాను. జీలకర్ర పెడితే గరగర తగ్గుతుంది."

ఎవరో కిసుక్కుమన్నారు. బెర్నా లేచి నిలబడింది. "మరి ఆ రోజు కసియానోని పట్టుకుని దొంగ దొంగ అని గొంతు చించుకున్నది నువ్వే కదయ్యా?"

"పోటీకొచ్చాడని ఒళ్ళు మండింది!"

సంతంతా ఘొల్లుమంది. అసుంతా మాత్రం నవ్వలేదు. రెమీహియో మొహంలోకి చూసింది. తర్వాత నికొలాసా వైపు చూసింది. ఐదు వారాల తర్వాత మొదటిసారి నికొలాసా కళ్ళు మూసుకుని ఉంది, పెదాలు బిగించి, కదలకుండా. అసుంతా ఆ మూసిన కళ్ళ వైపు చాలాసేపు చూసింది. ఊరికే సంత పెద్ద అవలేదు ఆవిడ.

"సరే, దొంగ దొరికాడు," అంది చివరికి. "శిక్ష వినండి. ఇక ప్రతి మంగళవారం పొద్దుట్నుంచి సంత ముగిసేదాకా ఈ రెమీహియో ఆవిడ కొట్లోనే కూచోవాలి, కాపలాగా. ఆవిడకి కళ్ళు లేవు, వీడికి రెండున్నాయి. కాబట్టి కొట్టుకి కళ్ళున్నట్టే. నియమం తప్పలేదు, కొట్టు కదలదు."

"అమ్మా, మరి నా రేడియో కొట్టూ?"

"దానికెవరొస్తున్నారు గనక?"

అది నిజమే కాబట్టి రెమీహియో తన స్టూలు తెచ్చి నికొలాసా కొట్లో పెట్టాడు. అసుంతా వెళ్ళిపోతూ మూతి ఒకవైపుకి తిప్పుకుంది. అది నవ్వేనా కాదా అన్నది వరసలో ఇప్పటికీ తేలలేదు.

జనం చెదిరిపోయాక ఇద్దరే మిగిలారు. నికొలాసా బుట్టలకి గుడ్డలు కడుతోంది.

"దొంగతనం ఒప్పుకోవడం కూడా చేతకాదు నీకు," అంది. "జీలకర్ర ఎవరైనా రేడియోలో పెడతారటయ్యా!"

"ఎన్నాళ్ళ నుంచమ్మా ఇది?"

ఆవిడ ముడి బిగించి కూచుంది. "ముప్పై ఏళ్ళు. అప్పట్లో నిజంగా మిరపకాయలు ఏరడానికే కళ్ళు మూసుకున్నాను. బఠానీల్లో చెయ్యి పడ్డ చప్పుడైంది. భయపడే చెయ్యి ఎలా ఉంటుందో తెలుసా? గింజలకి నొప్పెడుతుందేమో అన్నట్టుంటుంది. నేను కళ్ళు తెరిస్తే ఆ చేతికో మొహం వచ్చేస్తుంది. ఆ మొహం ఇక నా ముందు ఎన్నడూ తలెత్తదు. అందుకని మూసుకునే ఉన్నాను. చూడూ, సరుకు కొన్నవాళ్ళకే కదా కొసరు? కొనలేనివాళ్ళు కొసరైనా ఏ మొహంతో అడుగుతారు? వాళ్ళకి కొసరు ముందిస్తున్నాను, అంతే. సరుకు తర్వాతెప్పుడో కొంటారు."

"మరి ఫాదరు దగ్గరా, ఫొటోల్లో కూడా..."

"ఒక్క కొట్లోనే మూసుకుంటే ఊరికి తెలిసిపోదూ? అందుకని అన్నిటికీ మూసుకోవాల్సొచ్చింది. ప్రసంగాలంటే పర్లేదు. రోడ్డు దగ్గరే నాయనా, ఎంత భయమేసేదో! ముప్పై ఏళ్ళు ప్రతిరోజూ చచ్చిపోతాననే అనుకున్నాను."

రెమీహియో నవ్వబోయి, నవ్వలేక, మళ్ళీ నవ్వేశాడు. ఆవిడా నవ్వింది. తర్వాత టోపీ సర్దుకుని, గొంతు తగ్గించింది.

"ఇప్పుడు లేచి ఇటుకబట్టీల వెనక్కి వెళ్ళు. నీలం తలుపు. కసియానో ఉంటాడు."

"నేనా? నా మొహం మీదే తలుపేస్తాడమ్మా!"

"వేస్తే తలుపుకే చెప్పు. నికొలాసాకి చూపు పూర్తిగా పోయిందట, మంగళవారం పదకొండింటికి మరీ పోతుందట అని చెప్పు. ఏడుపు మొహం పెట్టుకుని చెప్పాలి, నమ్మేట్టు. కాపలాకి ఒకణ్ణి పెట్టారు గానీ, సరిగ్గా ఆ వేళకే వాడికి కునుకు పడుతుందట అని కూడా చెప్పు."

"అలాగేనమ్మా."

"ఇంకోటి. కసియానో ఎప్పుడూ చిన్న దుంపలే ఏరుకుంటాడు, పెద్దవి నాకొదిలేసి. పెద్దవి పురుగు పట్టి పోతున్నాయని చెప్పు." ఆవిడ ఒక్క క్షణం ఆగి, కళ్ళు మూసుకుంది. "వాడి ఎడమ బూటు అట్ట ఊడిపోయి నడుస్తుంటే టపటపలాడుతుంది. నువ్వసలే మంచివాడివి, కుట్టిస్తానంటావేమో. ఆ పని మాత్రం చెయ్యకు నాయనా, వచ్చేది వాడేనని నాకెలా తెలుస్తుంది? ఊఁ, పరుగెత్తు."